గొంతు తీసేసి విన్న శుక్రవారం

2023లో, వానలు అప్పుడే పట్టుకున్న రోజుల్లో జరిగిన సంగతి ఇది. తార్నాక పక్కనే ఉన్న విశ్వవిద్యాలయంలో, కంప్యూటర్ సైన్స్ విభాగం మొదటి అంతస్తులో, మెట్లెక్కగానే ఎడమ చేతి వైపు మా ల్యాబ్. కిటికీ అద్దాన్ని ఆనుకుని కానుగ కొమ్మలు. లోపల బల్లలు, తెరలు, కాళ్లకు అడ్డం పడే వైర్లు. మనిషి మాటను యంత్రం చేత గుర్తుపట్టించడం అక్కడి పని. అందుకే దాన్ని స్పీచ్ ల్యాబ్ అంటారు.

అందులో నాది ఆనొటేటర్ ఉద్యోగం. హెడ్‌ఫోన్లు పెట్టుకుని రికార్డింగులు వినాలి. మాట ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో తెర మీద గీతలు పెట్టాలి. ఆ రెండు గీతల మధ్య ముక్కను సెగ్మెంట్ అంటారు. ఆ ముక్కలో మనిషి ఏమన్నదీ కింద రాయాలి, దాన్ని లేబుల్ అంటారు. పసిపిల్ల చేత పలక మీద దిద్దించినట్టే. ఇలాంటి ముక్కలు వేలకు వేలు చూపిస్తూ పోతే యంత్రం తనంతట తాను గుర్తుపట్టడం నేర్చుకుంటుంది. అలా నేర్చుకున్న యంత్రాన్ని ఇక్కడ చదివే పిల్లలు మోడల్ అంటారు.

నేను బడికి వెళ్లి చదువుకున్నదాన్ని కాదు. మాది అనంతపురం వైపు. చిన్నప్పుడు ఉబ్బసం వల్ల గడప దాటనిచ్చేవారు కాదు. అక్షరాలైనా లెక్కలైనా అమ్మే నేర్పింది. తర్వాత ప్రైవేటుగా పరీక్షలు రాశాను, పెళ్లయ్యాక దూరవిద్యలో డిగ్రీ అయింది. మా ఆయన ఉద్యోగం మమ్మల్ని తార్నాక తెచ్చింది. తరగతి గది ఎలా ఉంటుందో ఎరగని నన్ను భగవంతుడు తెచ్చి విశ్వవిద్యాలయంలో కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. పొద్దున దీపం వెలిగించేటప్పుడు ఆ మాట తలుచుకోని రోజు లేదు.

ల్యాబ్‌లో ప్రతి శుక్రవారం మధ్యాహ్నం మీటింగ్ ఉంటుంది. పొడుగాటి బల్ల చుట్టూ అందరూ కూర్చుంటారు. వారంలో ఏం చేశారో, ఎక్కడ ఆగిపోయారో వరసగా చెప్పాలి. ఏమీ జరగకపోతే "ఈ వారం ఏమీ కాలేదు" అంటే చాలు, ఎందుకని ఎవరూ అడగరు. ఆ మర్యాద మా ప్రొఫెసర్ సుభద్ర మేడం పెట్టింది. ఆవిడది కాకినాడ. మాట మెత్తన, పట్టు గట్టి.

ఇంకో ఆచారం కూడా ఉంది. ఎవరైనా విభాగం ముందు సెమినార్ ఇవ్వాలంటే అంతకు ముందు ల్యాబ్‌లో డ్రై రన్ జరగాలి. అంటే మనవాళ్ల ముందు ఒకసారి మాట్లాడి చూసుకోవడం. ఆ రోజు బల్లకు ఆ చివరన ఉన్న చేతుల కుర్చీలో ఒకరిని కూర్చోబెడతారు. దాని పేరు అత్తగారి కుర్చీ. అందులో కూర్చున్నవాళ్లు ఆ పనిలో తప్పు పట్టి తీరాలి. జాలి పనికిరాదు. తప్పు పట్టించుకున్నవాళ్లకు మాత్రం చాయ్ వచ్చేదాకా కోపం చేసుకునే హక్కు లేదు. చాయ్ వచ్చాక ఎంతైనా చేసుకోవచ్చు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు కానీ, ఆ కుర్చీలో కూర్చోగానే ఎంత మెతక పిల్లలకైనా నాలుక పదునెక్కడం నేను చూశాను.

ఆ ఏడాది సెమినార్ ఇవ్వాల్సింది స్వరూప. లాలాపేట్ పిల్ల. పీహెచ్‌డీ చివరికొచ్చింది. థీసిస్ సమర్పించే ముందు విభాగం అంతటి ఎదుట మాట్లాడి ఒప్పించుకోవాలి. గడువు ఒకసారి పొడిగించుకోవడం అప్పటికే అయిపోయింది. ఇంకోసారి దొరకడం కష్టమని ఆఫీసువాళ్లు ముందే చెప్పేశారు.

ఆమె చేస్తున్న పని వాళ్లమ్మ గొంతు మీదే. వాళ్లమ్మ ఈశ్వరమ్మ లాలాపేట్‌లో కర్రీ పాయింట్ నడిపేది. సాయంత్రమైతే ఆ బడ్డీ ముందు ఆమె గొంతు వినిపించని రోజు ఉండేది కాదట. పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. మాట పోయింది. శబ్దం వస్తుంది, మాటగా రూపు కట్టదు. మనసులో మాత్రం అన్నీ తెలుసు. మనం చెప్పేది అర్థమవుతుంది, అవునంటే తలూపుతుంది, కాదంటే ఎడమ చెయ్యి ఊపుతుంది.

స్వరూప మంచం పక్కన గోడకు ఒక ఫోన్ బిగించింది. అమ్మ శబ్దం చేసినప్పుడల్లా అది రికార్డు చేసుకుంటుంది. ఏం కావాలో ఒక్కొక్కటే అడిగి, అమ్మ తలూపాక, ఆ రికార్డింగుకు ఆ లేబుల్ పెట్టేది. చాయ్, గోలీలు అంటే మాత్రలు, ఫ్యాన్, దేవుడి దగ్గర కూర్చోవడం, ఇలాంటివి. అవన్నీ నా దగ్గరికొచ్చేవి. ఈశ్వరమ్మ గొంతు మొదలైన చోట ఒక గీత, ఆగిన చోట ఒక గీత పెట్టి పంపేదాన్ని. ఆరు నెలలు విన్నాను. ఇంట్లోవాళ్ల కన్నా ఎక్కువసేపు ఆమె నా చెవుల్లోనే ఉండేది.

మోడల్ తయారయ్యాక స్వరూప నన్ను ఒక ఆదివారం ఇంటికి పిలిచింది. రెండు గదుల ఇల్లు. ముందు గదిలో మంచం, దానికి ఎదురుగా వంటగది. నేను పక్కన కూర్చోగానే ఈశ్వరమ్మ ఎడమ చేత్తో నా చెయ్యి పట్టుకుని ఏదో అంది. గోడ మీది ఫోన్ ఆడగొంతుతో "చాయ్" అని పలికింది.

వంటగదిలోంచి స్వరూప నవ్వింది. "చూసినవా అక్కా? నీకు చాయ్ పొయ్యమంటుంది. పెడుతున్ననే, ఆగే అమ్మా."

ఈశ్వరమ్మ సంబరంగా తలూపింది. నాకు కళ్లు చెమర్చాయి. వెళ్లేటప్పుడు నేను చెప్పులు వేసుకుంటుంటే స్వరూప గుమ్మం దగ్గర ఆగింది.

"అక్కా, నువ్వు పూజలు చేస్తవ్ కదా, ఒక్కటి మొక్కు. ఇప్పుడు ఏదో ఐదారు మాటలైతే వస్తున్నయ్. నాకు గవి సాలవ్. అమ్మ నాతోని ముచ్చట పెట్టాలె. పనికొచ్చే మాటలు కాదక్కా, ఉత్త ముచ్చట. పక్కింటోళ్ల గురించి, వంకాయల గురించి, ఏదన్నా. నాకు మా అమ్మతోని మాట్లాడక మస్తు దినాలయింది."

"మొక్కుతాను పాపా" అన్నాను. ఆంజనేయస్వామి గుడి ముందు బస్సు దిగి, ఇంటికి వెళ్లకముందే మొక్కాను.

*

డ్రై రన్ జరిగిన శుక్రవారం అత్తగారి కుర్చీ ఫరీద్ వంతు. ముషీరాబాద్ కుర్రాడు, స్వరూప కన్నా రెండేళ్లు జూనియర్. ల్యాబ్‌లో అందరి కన్నా ఎక్కువ నవ్విస్తాడు. కూర్చోగానే చొక్కా చేతులు మడిచి, "కోడలా, వంట కానియ్" అన్నాడు. అందరం నవ్వాం. స్వరూప కొంగు నెత్తి మీదికి లాక్కున్నట్టు నటించి మొదలుపెట్టింది.

బాగా చెప్పింది. మోడల్ పదింట ఎనిమిదిసార్లు సరిగ్గా చెబుతోందని తెర మీద చూపించింది. సుభద్ర మేడం పెన్ను మూత పెట్టేసి చేతులు కట్టుకుని విన్నారు. ఆవిడకు నచ్చితే అలాగే కూర్చుంటారు.

"ఏం ఫరీద్, అత్తగారు మూగబోయారా?" అన్నారు మేడం.

"లేదు మేడం. చిన్న టెస్ట్ ఒకటి చేసుకొచ్చిన. ఊకే, ఫార్మాలిటీ." లాప్‌టాప్ తిప్పాడు. "అక్క గీతలు పెట్టింది కదా, గొంతు ఎక్కడ మొదలు, ఎక్కడ ఆఖరు అని. ఆ గీతల మధ్యలది మొత్తం తీసేసిన. అంటే ఈశ్వరమ్మ ఆంటీ గొంతు లేదు. ముందువి, వెనకవి ఖాళీ ముక్కలు మాత్రమే ఉన్నయ్. ఇప్పుడు మోడల్‌కు వినిపిస్తే ఏం తెల్వక గమ్మున ఉండాలె. ఉంటది. అప్పుడు నేను శభాష్ అంట, మనం చాయ్ తాగుతం."

మొదటిది పెట్టాడు. గ్యాస్ లైటర్ టిక్కు టిక్కుమన్న చప్పుడు, ఒక స్టీలు గిన్నె చప్పుడు. అంతే, గొంతు లేదు. ఒక్క క్షణం ఆగి మోడల్ పలికింది. "చాయ్."

ఎవరో కిసుక్కున నవ్వి ఆపేశారు.

"ఒకటి గట్ల తగులుతది" అన్నాడు ఫరీద్. రెండోది పెట్టాడు. మందుల రేకు చిటపటమన్న శబ్దం. "గోలీలు" అంది మోడల్.

ఫరీద్ ముఖంలో నవ్వు పోయింది. మూడోది పెట్టడానికి చెయ్యి రాలేదు. స్వరూప నిలబడ్డ చోటి నుంచే అంది, "పెట్టు భాయ్."

"చాలు స్వరూపా."

"పెట్టుమంటున్న కదా."

పెట్టాడు. ఏ శబ్దమూ లేదు. కరెంటు పోయినప్పటి రికార్డింగు అది. ఫ్యాన్ తిరిగే రొద కూడా లేని నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దాన్ని విని మోడల్ "ఫ్యాన్" అంది.

చదువరులకు విషయం అర్థమయ్యే ఉంటుంది. మోడల్ ఈశ్వరమ్మ గొంతును నేర్చుకోలేదు. ఆ ఇంటిని నేర్చుకుంది. పొయ్యి వెలిగే వేళకు ఆమె చాయ్ అడుగుతుంది. రేకు చప్పుడు విని గోలీలు గుర్తొస్తాయి. ఫ్యాన్ ఆగితే ఫ్యాన్ కావాలంటుంది. లేబుళ్లన్నీ సరైనవే, ఆమె తలూపి ఒప్పుకున్నవే. కానీ యంత్రానికి ఏది వినమన్నామో చెప్పలేదు కదా. తేలికగా దొరికింది అది పట్టుకుంది. ఈ రంగంలో ఇది కొత్త పొరపాటు కాదట. ఫొటోల్లో జంతువును కాక వెనకున్న గడ్డిని చూసి గుర్తుపట్టే మోడళ్లు ఉంటాయని మేడం తర్వాత చెప్పారు. నేను పెట్టిన గీతలు ఆ గొంతును జాగ్రత్త చేయడానికనుకున్నాను. ఆ గీతల వెంబడే కత్తిరిస్తే ఇంత తేలింది.

అప్పుడే క్యాంటీన్ నుంచి చాయ్ వచ్చింది. కుర్రాడు గ్లాసులు ఒక్కొక్కటిగా బల్ల మీద పెట్టాడు.

"చాయ్ వచ్చింది" అంది స్వరూప. "ఇప్పుడు కోపం చేసుకోవచ్చా?"

"చేసుకో" అన్నాడు ఫరీద్. "కొట్టు కూడా. వల్లా, ఒట్టు, నాకు తెల్వదు స్వరూపా. నేను శభాష్ అందామనే వచ్చిన."

"ఎవరి మీద చేసుకోవాలె భాయ్?" అని అడిగింది. వెక్కిరింపు కాదు. నిజంగానే అడిగింది.

మేడం అందరినీ పంపించేసి ఆమెను కూర్చోబెట్టారు. నేను గ్లాసులు సర్దుతూ ఉండిపోయాను.

"చూడమ్మా" అన్నారావిడ. "సెమినార్ నీది. ఏం చూపించాలో నువ్వే ఆలోచించుకో. నేను ఇది చెయ్యి, అది చెయ్యొద్దు అనను. కాకపోతే నువ్వు చూపించేదాని కింద నా సంతకం ఉంటుంది. అది కూడా ఒకసారి తలుచుకో."

*

తార్నాక చౌరస్తా దాకా ఇద్దరం నడిచాం. సన్నగా తుంపర. బస్ స్టాప్‌లో జనం మధ్య నిలబడి స్వరూప అంది, "అక్కా, బయటోళ్లు ఎవరన్నా గొంతు తీసి చూస్తరా?"

"చూడరేమో."

"చూడరు. గ్రాఫ్ చూస్తరు, నంబర్ చూస్తరు, మంచిగున్నదమ్మా అంటరు. నాకు డిగ్రీ వస్తది."

నీతులు చెప్పడానికి నేనెవరిని? ఆ గడువు వెనక ఆ పిల్ల ఎన్ని పోగొట్టుకుందో నాకు తెలుసు. మాటల దాకా వచ్చిన పెళ్లి సంబంధం అమ్మను చూసుకోవాలని వదులుకుంది.

తనే మళ్లీ అంది. "డిగ్రీ సంగతి పోనీ అక్కా. ఆ ఫోన్ చాయ్ అన్నప్పుడల్లా అమ్మనే అన్నదనుకున్న. వంటింట్ల నుంచే జవాబిచ్చిన. ముచ్చట పెడుతున్న అనుకున్న. నేను లైటర్ కొట్టిన చప్పుడుకు నేనే జవాబిచ్చుకున్ననా ఇన్ని దినాలు?"

"అట్లనాకు పాపా."

"మరేమనాలె?"

ఆమె బస్సు వచ్చింది, ఎక్కేసింది.

తర్వాతి శుక్రవారం స్వరూప మీటింగ్‌కు రాలేదు. వరస తిరిగి ఆమె వంతు వచ్చినప్పుడు ఒక్క క్షణం ఆగి పక్కవాళ్లు అందుకున్నారు. ఫరీద్ ఆ రోజు ఒక్క జోకూ వేయలేదు. సాయంత్రం నేను ఫోన్ చేశాను.

"ఫోన్ బంద్ చేసిన అక్కా" అంది. తన ఫోన్ కాదు, గోడ మీది ఫోన్. "అమ్మ దాన్నే చూస్తుంది. ఏదో అంటది, దాని దిక్కు చూస్తది. అది పలకదు. నా దిక్కు చూస్తది. ఆన్ చెయ్యమని చెయ్యి చూపిస్తుంది. దానికి నువ్వు చెప్పేది తెల్వదే అని ఎట్ల చెప్పాలె? చెప్పబుద్ధి అయితలేదు."

ఇన్నాళ్లూ బాధ కూతురిదే అనుకున్నాను. తన మాట ఒకరికి అర్థమవుతోందని ఆ తల్లి కూడా నమ్ముకుని ఉందన్న సంగతి అప్పుడు తట్టింది. ఆ రాత్రి నిద్రపట్టక లేచి సహస్రనామం మొదటి నుంచి చివరి దాకా చదువుకున్నాను. ఏం అడగాలో తెలియనప్పుడు నాకు అదొక్కటే దారి.

సోమవారం పొద్దున మేడంకి స్వరూప ఫోన్ చేసి ఒక మాట అడిగిందట. "మన రికార్డింగ్ బూత్ ఖాళీగ ఉన్నదా మేడం? అమ్మను తీసుకొస్త."

బూత్ అంటే ల్యాబ్ చివర చిన్న గది. గోడల నిండా స్పాంజి, మందమైన తలుపు, ఒక పెద్ద అద్దం. లోపల ఫ్యాన్ ఉండదు, బయటి చప్పుడు రాదు. అక్కడ గొంతు ఒక్కటే వినిపిస్తుంది. ఇల్లు వినిపించని చోట అమ్మను వినాలని స్వరూప అనుకుంది. సెమినార్లో ఏం చూపించాలన్నదానికి ఆమె అలా అడగడమే ఒక జవాబని మేడం నాతో అన్నారు.

ఈశ్వరమ్మ ఇల్లు దాటి చాలా రోజులైంది. ఆటోలో తెచ్చారు. యూనివర్సిటీ ఆసుపత్రి నుంచి ఫరీద్ చక్రాల కుర్చీ సంపాదించాడు. మెట్ల మీద ఆ కుర్చీని నలుగురు కుర్రాళ్లు ఎత్తారు. ముందు నడుస్తూ మేడం, "నెమ్మది నాయనా, నెమ్మది" అంటూనే ఉన్నారు. ఈశ్వరమ్మ మంచి చీర కట్టుకుంది. చుట్టూ చూస్తూ పెళ్లికొచ్చినట్టు అందరికీ ఎడమ చేత్తో దణ్ణం పెడుతోంది.

బూత్‌లో ఆమె పక్కన నేను కూర్చున్నాను, ఒక్కతే భయపడుతుందని. అద్దం అవతల స్వరూప, ఫరీద్. స్వరూప మైకులో అడిగింది, "అమ్మా, ఏం కావాలెనో చెప్పు. ఏదన్నా చెప్పు."

ఈశ్వరమ్మ ఏదో అంది. లోపల పెట్టిన ఫోన్ "ఫ్యాన్" అంది.

మళ్లీ ఏదో అంది. "ఫ్యాన్."

ఆ గదిలో ఫ్యాన్ రొద లేదు. మోడల్‌కు తెలిసిన ఒకే ఒక్క సంగతి అదే. ఫ్యాన్ ఆగింది, ఫ్యాన్ కావాలి. ఆమె ఏమన్నా అదే. ఈశ్వరమ్మ ఫోన్ వైపు చూసింది, అద్దం వైపు చూసింది, ఎడమ చెయ్యి ఊపి కాదంది. ఫోన్ "ఫ్యాన్" అంది. అంతే, ఆమె నోరు తెరిచింది. ఒక్కసారిగా, ఊపిరి కూడా తీసుకోకుండా, పొడుగ్గా, మధ్యలో ఎక్కడో పైకి లేచి, విరిగి, మళ్లీ దులిపేసినట్టు కిందికి దిగే శబ్దం. మాట ఒక్కటీ లేదు. ఆరు నెలలు ఆమెను విన్నాను గానీ ఇంత పొడుగు ధార ఎప్పుడూ వినలేదు. ఫోన్ నింపాదిగా "ఫ్యాన్" అంది.

అద్దం అవతల స్వరూప నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకుని లేవబోయాను. మైకులో ఆమె నవ్వు వినిపించింది. నవ్వుతోనే ఏడుపు.

"తిడుతుందక్కా! ఫోన్‌ను తిడుతుంది. లేదు లేదు, నన్నే తిడుతుంది. కూర మాడితే గిట్లనే తిట్టేది. అచ్చం గిట్లనే, ముందు మెల్లగ మొదలువెట్టి, మధ్యల ఇజ్జత్ తీసి, ఆఖరుకు పోయి సావు అన్నట్టు ఇడిసిపెడుతది. ఏంది అమ్మా, ఏమంటున్నవే? నా మీదనా?"

ఈశ్వరమ్మ గట్టిగా తలూపింది. అవును, నీ మీదే. ఆ తర్వాత ఆవిడకూ నవ్వొచ్చింది. ముఖంలో కదిలే సగం నవ్వింది.

ఫరీద్ నవ్వలేదు. తెర వైపు చూస్తున్నాడు. గొంతు ఎంత ఎత్తుకు లేచిందో, ఎంత దిగిందో చూపించే గీత ఒకటి ఉంటుంది, పిచ్ అంటారు. ఇంటి చప్పుళ్లలో అది ఎప్పుడూ ముక్కలు ముక్కలుగా కనిపించేది. ఇప్పుడు మొదటి నుంచి చివరి దాకా తెగకుండా ఉంది.

"స్వరూపా, ఇటు చూడు" అన్నాడు. "ఆంటీకి అక్షరాలు పోయినయ్. రాగం పోలే."

*

తర్వాతి వారాలన్నీ ఆ రాగం మీదే పని జరిగింది. ఈశ్వరమ్మ ఇంకో రెండు మూడుసార్లు వచ్చింది. అడిగినప్పుడు ఆమె గొంతు చివర లేస్తుంది. వద్దన్నప్పుడు మొదట్లోనే పడిపోతుంది. పిలిచినప్పుడు సాగుతుంది. తిట్టినప్పుడు సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇంతకు ముందు లేబుళ్లు మాటలు. ఇప్పుడు "అడుగుతున్నది", "వద్దంటున్నది", "పిలుస్తున్నది" అని రాసేదాన్ని. కొత్త మోడల్ అన్నిసార్లూ సరిగ్గా చెప్పలేదు. కానీ ప్రతి శుక్రవారం ఫరీద్ గొంతు తీసేసి వినిపిస్తే ఏమీ పలకలేక గమ్మున ఉండేది. ఆ గమ్మున ఉండటం చూసి మేము చప్పట్లు కొట్టాం. ఒక యంత్రం నోరు మూసుకుంటే అంతమంది సంతోషించడం నేను మొదటిసారి చూశాను.

సెమినార్ రోజు హాలు నిండింది. స్వరూప ఏ ఉపోద్ఘాతం లేకుండా గొంతు తీసేసిన రికార్డింగు పెట్టింది. లైటర్ టిక్కుమంది, పాత మోడల్ చాయ్ అంది. ముందు వరసలో ఒక పెద్ద ప్రొఫెసర్ కళ్లజోడు సర్దుకున్నారు.

"ఏమ్మా, నీ సిస్టం పని చెయ్యడం లేదని చెప్పడానికా మమ్మల్ని పిలిచింది?"

"అవును సార్" అంది స్వరూప. "ముందు గదే చెప్పాలె. చేస్తున్నదనుకుని చానా రోజులు మోసపోయిన. పని చేస్తున్నది చిన్నది, తర్వాత చూపిస్త."

హాల్లో కొందరు నవ్వారు. ఆయన నవ్వలేదు. చివరి దాకా విన్నారు. కొత్త పనికి రుజువులు ఇంకా కావాలని, ఇంకొంత కాలం ఇవ్వాలని కమిటీ రాసింది. ఆ కాగితం పట్టుకుని ఆఫీసు చుట్టూ మేడం స్వయంగా తిరిగి గడువు సాధించారు. ఆ మరుసటి ఏడు స్వరూప థీసిస్ ఇచ్చింది. అనుకున్నంత పెద్దదీ కాదు, అనుకున్నదీ కాదు.

మొన్న లాలాపేట్ వెళ్లాను. గోడ మీద ఫోన్ మళ్లీ వెలుగుతోంది. మేము మాట్లాడుకుంటుంటే మంచం మీంచి ఈశ్వరమ్మ ఏదో అంది. ఫోన్ "పిలుస్తున్నది" అంది, అంతే. ఎందుకో చెప్పలేదు. స్వరూప చేతిలోని చాకు, వంకాయ పక్కన పెట్టి లేచింది. వెళ్లి మంచం అంచున కూర్చుంది.

"ఏందమ్మా? దాహమా? కాదా? అక్క వచ్చిందనా? ఓ, వంకాయలా? ఏమైంది వంకాయలకు? ముదిరినయా? నాకేం తెలుసే, వాడు లేతవే అని ఇచ్చిండు."

ఈశ్వరమ్మ ఎడమ చేత్తో గాలిని కొట్టింది. గొంతు పైకి లేచి విరిగింది. ఫోన్ "తిడుతున్నది" అంది. "నాకు తెల్వదా, నువ్వు చెప్పాల్నా" అని ఫోన్‌ను కసిరి, స్వరూప నా వైపు తిరిగింది. "అప్పుడు ఫోనే అన్నీ చెప్పేది అక్కా, నేను వంటింట్ల నుంచే జవాబిచ్చేదాన్ని. ఇప్పుడు అది సగమే చెప్తది. మిగిలింది నేనే వచ్చి అడగాలె." వంకాయల సంగతి తేలేసరికి చాలాసేపు పట్టింది. కూర ఆలస్యమైంది.

ఇదంతా నాకు రెండు సంగతులు నేర్పింది. ఒకటి పనికి సంబంధించింది. మనం ఏది వినాలని తపిస్తామో యంత్రం దాన్నే అందిస్తుంది, అందుకని ఎంత ముద్దొచ్చే జవాబైనా ముందు అనుమానించాలి. రెండోది సగం జవాబు గొప్పతనం. పూర్తి జవాబు మనిషిని వంటగదిలోనే ఉంచేస్తుంది. సగం జవాబు మంచం దాకా నడిపిస్తుంది.

మా ల్యాబ్‌లో ఇప్పుడు ఏ డ్రై రన్ అయినా గొంతు తీసేసిన రికార్డింగుతోనే మొదలవుతుంది. ఎవరో ఒకరి ఇల్లు, బస్సు, ఆసుపత్రి వరండా, మనిషి మాత్రం ఉండరు. ఆ కాసేపు ఎవరూ కదలరు. ఒక శుక్రవారం అలాగే ఎవరి ఇంట్లోదో రోలు చప్పుడు వచ్చింది. రుబ్బురోట్లో పొత్రం తిప్పుతూ ఎక్కం చెప్పించే మా అమ్మ నాకు వినిపించింది. ఆమె గొంతు ఎక్కడా రికార్డు కాలేదు. మాటలు కూడా చాలావరకు మరిచిపోయాను. పన్నెండో ఎక్కం మధ్యలో నేను తప్పు చెప్పగానే ఆగి, "ఊఁ?" అని పైకి లేచే ఆ ఒక్క స్వరం మాత్రం తెగకుండా ఉంది. చప్పుడు విని లేని గొంతును పలకడం యంత్రానికైతే తప్పు, దిద్దుతాం. నాలో మాత్రం ఆ తప్పు అలాగే ఉండనిచ్చిన భగవంతుడికి దణ్ణం పెట్టుకుని, హెడ్‌ఫోన్లు తగిలించుకుని పనిలో కూర్చున్నాను.